ఒప్పుకున్న పాపాన్ని మళ్లీ మళ్లీ ఒప్పుకోకండి

ప్రశ్న: అక్క చీటీ డబ్బు 50,000 ఆమెకు చెప్పకుండా వాడేసుకున్నాను. ఏడాదిగా ప్రార్థనలో ఏడుస్తున్నా గిల్టీ ఫీలింగ్, సిగ్గు పోవడం లేదు. ఉండేది సికింద్రాబాద్‌లో. ఏం చేయాలి?

ముందు కాగితం, పెన్ను తీసుకోండి. "ప్రభువా, నేను ఘోరపాపిని" అనే ప్రార్థనలో వినయం ఉంది గానీ, అక్క లేదు, 50,000 లేవు. ఎవరి డబ్బు, ఎంత, ఎప్పుడు తీశారు, దాచడానికి ఏ అబద్ధం ఆడారు, ఇవన్నీ రాసి దేవుడి ముందు చదవండి. ఒక్కసారి చాలు. ఒప్పుకుంటే క్షమిస్తాడని 1 యోహాను 1:9లో ఉంది, ఎన్నిసార్లో లేదు. రేపు మళ్లీ గుర్తొస్తే క్షమించమని అడక్కండి. క్షమించినందుకు స్తోత్రం చెప్పి పనిలో పడండి.

తర్వాత డబ్బు. లేవీయకాండం 6లో లెక్క సూటిగా ఉంది: అసలు, దాని మీద అయిదో వంతు, ఆ తర్వాతే బలి. అంటే మీరు ఇవ్వాల్సింది 60,000. ధర్మశాస్త్రం మనకు వర్తించదంటారా, సువార్తలోని పన్నుల అధికారి జక్కయ్య ఎవరూ అడక్కుండానే నాలుగింతలు ఇస్తానన్నాడు. ఒకేసారి కుదరకపోతే నెలకు 5,000 చొప్పున ఏడాదిలో తీరుతుంది. మొదటి వాయిదా చేతిలో పెట్టి అప్పుడు నోరు విప్పండి. వట్టి చేతులతో వెళ్లి ఏడిస్తే చివరికి అక్కే మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. "దేవుడే క్షమించాడు, నువ్వు క్షమించవా" అని మాత్రం అనకండి. డబ్బు కట్టేది ఆమె నష్టం పూడ్చడానికే. మీ క్షమాపణ సిలువ దగ్గరే అయిపోయింది.

రెండో సమూయేలు 12 నిదానంగా చదవండి. దావీదు రాజు ఊరియా భార్యను తీసుకుని, అతణ్ణి చంపించాడు. "ఆ మనుష్యుడవు నీవే" అని ప్రవక్త నాతాను అన్నాక దావీదు సాకులు వెతకలేదు, పాపం చేశానన్నాడు. దేవుడు నీ పాపం తీసేశాడన్న మాట వెంటనే వచ్చింది. అయినా ఆమెకు పుట్టిన బిడ్డకు జబ్బు చేసింది. దావీదు తిండి మానేసి నేల మీద పడి ఉన్నాడు. ఏడో రోజు బిడ్డ పోయాడు. ఆ మాట చెప్పడానికి సేవకులకు భయం, వాళ్లలో వాళ్లే గుసగుసలు. అది చూసి దావీదుకు అర్థమైంది. లేచి స్నానం చేశాడు, నూనె రాసుకున్నాడు, బట్టలు మార్చుకున్నాడు, మందిరంలో మొక్కి ఇంటికొచ్చి అన్నం పెట్టమన్నాడు. ఇంట్లోవాళ్లకు ఏమీ పాలుపోలేదు. మన సంఘాల్లో అయితే ఇంకో నలభై రోజులు ఉపవాసం ఉండమనేవాళ్లు.

సిగ్గు సంగతి వేరు. "ఎవరికి ఏం చేశాను" అన్నచోట రాయడానికి ఏమీ లేక "నేను పనికిరాను" అన్నదే మిగిలితే అది పాపం కాదు. పిల్లలు పుట్టకపోవడం, ఉద్యోగం పోవడం, చిన్నప్పుడు ఎవరో మీ మీద చేసిన నీచం, వీటికి మారుమనస్సు పొందమనే పాస్టరు దగ్గర్నుంచి లేచి వచ్చేయండి.

ఒక మనిషి అంతా విని కూడా ముఖం తిప్పుకోకపోతే సిగ్గు సగం దిగుతుంది. కథోలికులైతే గన్‌ఫౌండ్రీ సెయింట్ జోసెఫ్స్ కేథడ్రల్, సికింద్రాబాద్ సెయింట్ మేరీస్ బసిలికా ఉన్నాయి. పాపసంకీర్తనంలో, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకునేటప్పుడు, విన్నది ఆయన ఎవరికీ చెప్పకూడదన్నది శ్రీసభ (కథోలిక సంఘం) చట్టం. మిగతా సంఘాల్లో అంత కట్టడి ఉంటుందనుకోకండి. "ఇది మీ దగ్గరే ఉంటుందా అయ్యగారూ" అని ముందే అడగండి. తడబడితే వాతావరణం గురించి మాట్లాడి వచ్చేయండి. మైకులో సాక్ష్యం, వాట్సాప్ గ్రూపులో ప్రార్థన మనవి అసలే వద్దు. ఆదివారం చెప్పింది సోమవారానికి ఉప్పల్ నుంచి మియాపూర్ దాకా తెలుస్తుంది.

ఇవన్నీ చేశాక కూడా "సరిగ్గా ఒప్పుకున్నానా" అని రోజుకు పదిసార్లు అనిపిస్తుంటే, నిద్ర, తిండి పోతుంటే అది విశ్వాసం తక్కువై కాదు, జబ్బు కావచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. ప్రార్థన మానక్కర్లేదు, డాక్టరు ఇచ్చిన మాత్రలూ మానకండి.