దేవుడు ప్రేమించేది నన్నా, నేను చేసే సేవనా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడు తీసుకున్నా. ముగ్గురూ మన తిరుపతి, చిత్తూరు వైపు వాళ్ళే. పేర్లు వేయొద్దన్నారు కాబట్టి వేయడం లేదు.

*ప్రశ్న:* వందనాలు అక్కా. నేను తిరుపతిలో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని, సొంతూరు పాకాల దగ్గర. పెళ్ళికి ముందు చర్చిలో క్వయర్‌లో పాడేదాన్ని, సండే స్కూల్ చెప్పేదాన్ని, ఉపవాస కూటం ఒక్కటి కూడా మానేదాన్ని కాదు. ఇప్పుడు నైట్ డ్యూటీలు, చంటిపిల్లోడు, అత్తకి షుగరు, ఆదివారం ఆరాధనకి నెలకి ఒకసారి పోవడమే గగనంగా ఉండాది. బైబిల్ తెరిస్తే రెండు వచనాలకే నిద్ర పట్టేస్తుంది. ఎప్పుడన్నా పోతే "ఏం సిస్టర్, లోకంలో పడిపోయినారా" అంటారు. మొన్న పిల్లోడికి జ్వరం వస్తే నేను ప్రార్థన మానేసినందుకే దేవుడు ఇట్లా చేస్తున్నాడేమో అని రాత్రంతా ఏడ్చినా. దేవుడు ప్రేమ అని చిన్నప్పటి నుంచి వింటానే ఉండా, కానీ నన్ను ప్రేమిస్తున్నాడు అనేది మాత్రం గుండెలోకి దిగడం లేదు. నేనింకా క్రైస్తవురాలినేనా?

*జవాబు:* అవునమ్మా, క్రైస్తవురాలివే. ఈ మాట ముందే చెప్పేస్తున్నా ఎందుకంటే చివరిదాకా చదివే ఓపిక కూడా నీకు డ్యూటీ దిగినాక ఉండకపోవచ్చు.

ముందు జ్వరం సంగతి. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి శిష్యులు యేసుని అడిగారు కదా, వీడు పాపం చేశాడా, వీడి తల్లిదండ్రులు చేశారా అని. వీడూ కాదు, వాళ్ళూ కాదు అన్నాడు ఆయన. యోహాను 9వ అధ్యాయం, తీరిక దొరికినప్పుడు చూడు. వాతావరణం మారినప్పుడు పిల్లలకి జ్వరాలొస్తాయి, నర్సువి, నాకంటే నీకే బాగా తెలుసు. తల్లి ప్రార్థన చేయలేదని చంటిపిల్లోడి మీద పగ తీర్చుకునే దేవుడు మన బైబిల్లో లేడు, అట్లాంటి దేవుణ్ణి ఎవరన్నా స్టేజీ మీద నుంచి చెప్తే అది నమ్మబాకు.

ఇప్పుడు అసలు విషయం. యేసు బాప్తిస్మం తీసుకున్నప్పుడు ఆయనకి దాదాపు ముప్పై ఏళ్ళు. అప్పటిదాకా ఆయన చేసింది నజరేతులో వడ్రంగం పని. సువార్తల ప్రకారం చూస్తే అప్పటికి ఒక్క రోగిని బాగు చేయలేదు, కొండమీద ప్రసంగం చేయలేదు, ఒక్క శిష్యుణ్ణి కూడా పిలవలేదు. అప్పుడొచ్చింది ఆకాశం నుంచి ఆ మాట, నువ్వు నా ప్రియ కుమారుడివి, నీయందు నేను ఆనందిస్తున్నా అని. పనంతా అయినాక ఇచ్చే బహుమానంలాగా చివర్లో రాలేదు ఆ మాట, పని మొదలవకముందే వచ్చింది. ఆ వెంటనే అరణ్యంలో సాతాను ఏమడిగాడో చూడు, నువ్వు దేవుని కుమారుడివైతే ఈ రాళ్ళని రొట్టెలు చెయ్యి. అయితే అంట! అంటే తండ్రి చెప్పిన మాట చాలదు, నువ్వేదో ఒకటి చేసి చూపించి నిరూపించుకో అని. యేసు చేయలేదు. నిరూపించుకోవాల్సిన అవసరం ఆయనకి లేదు. నువ్వు రాత్రంతా ఏడుస్తా అడుగుతున్న "నేనింకా క్రైస్తవురాలినేనా" అనేది కూడా ఆ "అయితే" లాంటి ప్రశ్నే అమ్మా, అది తండ్రి దగ్గర నుంచి వచ్చే ప్రశ్న కాదు.

తప్పిపోయిన కుమారుడి కథ మనకి కంఠతా వచ్చు, కానీ ఒక చోట ఎవరూ ఆగరు. ఆ పిల్లోడు ఆస్తంతా తగలేసి, పందులు మేపుకుంటా కూర్చుని, నాయన దగ్గరికి పోయి ఏం చెప్పాలో ముందే ప్రాక్టీస్ చేసుకున్నాడు: నీ కొడుకుని అనిపించుకోడానికి నేను తగను, నన్ను నీ కూలోళ్ళలో ఒకడిగా పెట్టుకో. తీరా వచ్చినాక మొదటి ముక్క చెప్పాడు, రెండో ముక్క చెప్పలేదు, అంతలోకే తండ్రి మంచి బట్టలు తెండి, ఉంగరం తెండి అని పనోళ్ళకి కేకేశాడు. ఆ ఇంట్లో కొడుకుని కూలికి పెట్టుకోవడం అనే మాటకే చోటు లేదు. అదే కథలో పెద్దోడు బయట నిలబడి, ఇన్నేళ్ళు నీకు సేవ చేశానే, ఒక్క మేకపిల్లనన్నా ఇచ్చావా అంటాడు. ఒకడు ఇల్లు వదిలి పోయినోడు, ఒకడు ఇంట్లోనే ఉన్నోడు, ఇద్దరూ లెక్కేసుకున్నది మాత్రం కూలి లెక్కే. మన సంఘాల్లో ఈ పెద్దోడి రకం చాలా ఎక్కువ, నన్నడిగితే "లోకంలో పడిపోయినారా" అన్నవాళ్ళు కూడా అందులోకే వస్తారు. రాత్రంతా రోగుల దగ్గర మేలుకుని వచ్చిన పిల్లని, తిన్నావా అమ్మా అని అడగాల్సింది పోయి అట్లా అనడం నాకు చాలా బాధగా ఉంది.

మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం ఉంది కదా, 1915లో మిషనరీలు టీబీ రోగుల కోసం పెట్టింది. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుక్కునేదాకా టీబీకి సరైన మందే లేదు, వైద్యం అంటే ఎక్కువగా మంచి గాలి, మంచి తిండి, మంచం మీద విశ్రాంతి. నెలల తరబడి పడుకోనుండటమే వాళ్ళ పని. వాళ్ళు పాట పాడలేరు, కూటానికి రాలేరు, కానుక ఇవ్వలేరు, గట్టిగా ప్రార్థన చేస్తే దగ్గొస్తుంది. దేవుని ప్రేమ మన సేవని బట్టి ఉంటే అక్కడ మంచం మీద ఉన్న మనిషికి ఏం మిగులుతుంది చెప్పు? కానీ అట్లాంటి వాళ్ళ కోసమే మన ప్రాంతానికి దూరదేశాల నుంచి డాక్టర్లు వచ్చారు, ఎందుకు వచ్చారంటే ముందు దేవుడే మనల్ని ప్రేమించాడు అని నమ్మారు కాబట్టి. ఆయన మొదట ప్రేమించాడు గనుక మనం ప్రేమిస్తున్నాం అని యోహాను రాసింది అదే వరసలో, వరస తిరగబడితే అంతా భారం అయిపోతుంది.

మరి రోజూ ఎట్లా బతకాలి అంటావా. నువ్వు ఒక్కో పేషెంట్ దగ్గరికి పోయే ముందు చేతులు కడుక్కుంటావు కదా, ఆ అర నిమిషం చాలు, "తండ్రీ, నేను నీ బిడ్డని, ఈ మంచం మీద ఉన్న మనిషిని కూడా నువ్వు ప్రేమిస్తున్నావు" అను, మనసులోనే అను, ఏమీ అనిపించకపోయినా అను. అనిపించడం ప్రతి రోజూ ఉండదు, పెళ్ళైనదానివి నీకు తెలుసు, మొగుడి మీద ప్రేమ పొంగి పొర్లే రోజులు కొన్నే, మిగతా రోజులు కూడా నువ్వు ఆయన భార్యవే. బైబిల్ తెరిస్తే నిద్రొస్తుందా, పడుకో. నిజంగా చెప్తున్నా. ఏలీయా ప్రవక్త, నేను చచ్చిపోతే బాగుండు అనుకుని చెట్టు కింద పడిపోతే దేవుడు ముందు ప్రసంగం చేయలేదు, నిద్రపోనిచ్చి, దూతని పంపించి రొట్టె నీళ్ళు పెట్టించాడు, మళ్ళీ నిద్రపోనిచ్చి మళ్ళీ పెట్టించాడు. మాట్లాడింది ఆ తర్వాతే. నీకు ఒక్క వచనం చాలు, మొదటి యోహాను 3:1 ఫోన్ వాల్‌పేపర్‌గా పెట్టుకో, మనం దేవుని పిల్లలం అని ఉంటుంది, వారమంతా అదే.

ఇంతా చెప్పి సంఘానికి పోవద్దు అనడం లేదు. కూడుకోవడం మానొద్దని హెబ్రీయులకి రాసిన పత్రికలో ఉంది, అది నీ మంచికే. ఒంటరిగా ఉంటే ఈ భయాలు ఇంకా పెద్దవి అవుతాయి. పాస్టర్ గారికి నీ రోస్టర్ చూపించు, ఆదివారం కుదరకపోతే వారం మధ్యలో ఇంటి ప్రార్థన పెట్టమని అడుగు. కొన్ని చర్చిల్లో తెల్లవారుజామున ఆరాధన ఉంటుంది, డ్యూటీ దిగి అట్నుంచి అటే పోవచ్చు. అక్కడ కునుకు పట్టినా పర్లేదు.

*ప్రశ్న:* అన్నయ్యకి గానీ అక్కకి గానీ, నేను తిరుపతిలో ఒక మొబైల్ షాపులో పని చేస్తాను, 24 ఏళ్ళు. మా ఓనర్ అన్న కొండకి పోయొచ్చిన ప్రతిసారీ అందరికీ లడ్డూ ఇస్తాడు. తింటే ప్రభువుని కాదన్నట్టే అని మా యవ్వనస్తుల కూటంలో అంటారు, వద్దంటే అన్న మొహం చిన్నబోతుంది. అందుకని తీసుకుని బ్యాగులో పెట్టుకుని ఎవరికో ఇచ్చేస్తా. నేను క్రైస్తవుణ్ణని షాపులో సగం మందికి తెలీదు కూడా. నాది దొంగ భక్తా?

*జవాబు:* దొంగ భక్తి అని నేననను తమ్ముడూ, భయం అంటాను, భయానికి మందు ఉంది.

లడ్డూ గురించి పౌలు కొరింథు వాళ్ళకి రాసిన మొదటి పత్రికలో 8వ అధ్యాయం, 10వ అధ్యాయం చదువు, వాళ్ళకీ ఇదే గొడవ. ఎవరన్నా భోజనానికి పిలిస్తే పెట్టింది తిను, ఆరా తీయొద్దు, కానీ ఇది అర్పించింది అని చెప్తే ఆ చెప్పినవాడి మనస్సాక్షి కోసం తినొద్దు అంటాడు. మన సంఘాల్లో ఎక్కువ మంది ప్రసాదం తీసుకోరు, నువ్వూ తీసుకోకపోతే అందులో తప్పేం లేదు. కానీ ఆ రెండు అధ్యాయాల్లోనూ పౌలు చూసేది పక్కనున్న మనిషిని, జ్ఞానం గర్వంతో పొంగేలా చేస్తుంది, ప్రేమ మనిషిని నిలబెడుతుంది అని మొదట్లోనే చెప్తాడు. కాబట్టి బ్యాగులో దాచేది ఆపు. రెండు చేతులు జోడించి, "అన్నా, నేను యేసు ప్రభువుని నమ్ముకున్నా, ప్రసాదం తినను, ఏమీ అనుకోవద్దు, మీరు నన్ను గుర్తు పెట్టుకుని తెచ్చారు, అది నాకు చాలా సంతోషం" అని ఒక్కసారి చెప్పేయ్. చెప్పేటప్పుడు ఆయన దేవుడి మీద ఒక్క చులకన మాట రాకూడదు, మొహంలో కూడా రాకూడదు. తిరుపతిలో పుట్టి పెరిగినోళ్ళం, ఇక్కడ కాలినడకన అలిపిరి మెట్లు ఎక్కే ముసలోళ్ళ భక్తిని చూసి నేర్చుకోవాల్సినోళ్ళమే గానీ ఎక్కిరించాల్సినోళ్ళం కాదు. తిరుమలలో వేరే మతాల ప్రచారం నిషేధం, దాన్ని కూడా మనస్ఫూర్తిగా గౌరవించాలి.

దేవుడు నన్ను ప్రేమిస్తున్నాడు అనేది లోపల గట్టిపడినోడికి దాక్కోవాల్సిన పని ఉండదు, పోట్లాడాల్సిన పనీ ఉండదు. నన్నడిగితే షాపులో నువ్వు క్రైస్తవుడివని తెలియాల్సింది లడ్డూ దగ్గర కాదు. పాత ఫోన్ తెచ్చినాయనకి స్క్రీన్ మారిస్తే సరిపోయేదానికి బోర్డు పోయిందని చెప్పకుండా ఉండటం, కొత్తగా చేరిన పిల్లోణ్ణి అందరూ తిడుతుంటే పక్కన నిలబడటం, వీటితో తెలియాలి. అప్పుడు వాళ్ళే అడుగుతారు. అడిగినప్పుడు సాత్వికంతో జవాబు చెప్పమన్నాడు పేతురు.

*ప్రశ్న:* అక్కా, నాది పుత్తూరు దగ్గర పల్లె, ఇంటర్ సెకండియర్, 17 ఏళ్ళు. మా నాయన తాగొచ్చి అమ్మని నన్ను కొడతాడు. చర్చిలో "పరలోకమందున్న మా తండ్రీ" అన్నప్పుడల్లా నాకు ఒళ్ళు బిగుసుకుపోతుంది. దేవుడు తండ్రిలా ప్రేమిస్తాడు అంటే నాకు ఏడుపొస్తుంది. నేనేం చేయాలి?

*జవాబు:* బంగారు తల్లీ, నీ ఒళ్ళు బిగుసుకుపోవడం పాపం కాదు, దెబ్బ తిన్న చోట అట్లానే ఉంటుంది. ఆ మాట నీ నోటికి రాకపోతే బలవంతంగా అనొద్దు, "యేసయ్యా" అను, "ప్రభువా" అను, ఆయన వినేది నిన్ను.

దేవుడు అంటే మీ నాయనకే ఇంకొంచెం పెద్ద రూపం అనుకోవద్దు. నన్ను చూసినవాడు తండ్రిని చూసినట్టే అన్నాడు యేసు, కాబట్టి తండ్రి ఎట్లా ఉంటాడో తెలుసుకోవాలంటే యేసునే చూడాలి. చిన్నపిల్లల్ని శిష్యులు అదిలిస్తే ఆయన కోపపడింది శిష్యుల మీద, పిల్లల్ని మాత్రం ఎత్తుకుని చేతులుంచి ఆశీర్వదించాడు. యెషయా గ్రంథంలో దేవుడు తనని తల్లితో కూడా పోల్చుకున్నాడు, తల్లి తన బిడ్డని ఆదరించినట్టు నేను మిమ్మల్ని ఆదరిస్తా అని 66వ అధ్యాయంలో, తల్లి తన చంటిబిడ్డని మరిచిపోతుందా, ఒకవేళ మరిచినా నేను నిన్ను మరవను అని 49వ అధ్యాయంలో. నీకు ఈ రెండు చోట్లు చాలు ఇప్పటికి. మీ అమ్మ దెబ్బలకి అడ్డం వచ్చినప్పుడు నీకు ఏమనిపిస్తుందో, అక్కడి నుంచి మొదలుపెట్టు.

ఇంకో మాట, ఇది చాలా ముఖ్యం. దేవుడు నిన్ను ప్రేమిస్తున్నాడు కాబట్టే నువ్వు దెబ్బలు తింటా ఉండటం ఆయనకి ఇష్టం లేదు. "క్షమించి సర్దుకుపోమ్మా, ప్రార్థన చెయ్యి మారతాడు" అని ఎవరన్నా చెప్తే, ప్రార్థన చెయ్యి, కానీ దెబ్బలు ఆగేదానికి చేయాల్సింది కూడా చెయ్యి. పద్దెనిమిది నిండలేదు కాబట్టి నువ్వు 1098కి ఫోన్ చేయొచ్చు, చైల్డ్ హెల్ప్‌లైన్, ఎప్పుడైనా చేయొచ్చు, డబ్బులు పడవు. అమ్మకి 181, ఆడవాళ్ళ హెల్ప్‌లైన్. ఆ రాత్రికి ఆ రాత్రే ప్రమాదం అనిపిస్తే 112. కాలేజీలో నీకు నమ్మకం ఉన్న మేడమ్ ఒకరికి, చర్చిలో పాస్టర్ అమ్మగారికి ఈ వారంలోనే చెప్పు, ఇద్దరికీ చెప్పు, ఒకరు పట్టించుకోకపోయినా ఇంకొకరు పట్టించుకుంటారు. ఈ పత్రిక ఇంట్లో పెట్టుకోవడం భయం అయితే నంబర్లు మాత్రం నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకుని దీన్ని పారేసెయ్.