మకరందమా, పుప్పొడియా?

సందేహం: చెరువుల అడుగున పేరుకున్న ఒండ్రులో దొరికే పూల రేణువులను బట్టి పూర్వకాలపు వాతావరణాన్ని, అడవులను తెలుసుకునే పద్ధతి మీద మా బడి పిల్లల చేత వ్యాసం రాయించాను. కొందరు ‘మకరంద రేణువులు’ అనీ, కొందరు ‘పరాగ రేణువులు’ అనీ రాశారు. ఏది సరి? రాయిగా మారని రేణువును శిలాజం అనవచ్చునా? (ఒక ఉపాధ్యాయిని, నగరి)

సమాధానం: అమ్మా, మీ పిల్లలు మకరందమని రాయడం నాకు వింతగా తోచలేదు. నగరి, సత్యవేడు ప్రాంతాల్లో తెలుగు, తమిళం రెండూ ఒకే ఇంట్లో వినిపిస్తాయి. తమిళ పాఠ్యపుస్తకాలు పుప్పొడిని ‘మగరందం’ అనే అంటాయి. తెలుగులో మాత్రం మకరందం పూదేనె. ‘మకరందః పుష్పరసః, పరాగః సుమనోరజః’ (పూల రసం మకరందం, పూల దుమ్ము పరాగం) అని సంస్కృత నిఘంటువు అమరకోశం రాసిన అమరసింహుడు రెండింటినీ పక్కపక్కన నిలిపి మరీ వేరుచేశాడు. మకరందానికి పుప్పొడిని మోసే కేసరమన్న అర్థాన్ని కూడా కొన్ని నిఘంటువులు చూపుతాయి గనుక తమిళుల వాడుకను నిరాధారమనను.

మీ వ్యాసానికి ఈ భేదమే ఆయువుపట్టు. పూదేనె చక్కెర నీరు. మట్టిలో పడితే సూక్ష్మజీవులు దాన్ని మిగల్చవు. పుప్పొడి రేణువు పైపొర స్పోరోపొలెనిన్ అనే గట్టి పదార్థంతో ఏర్పడుతుంది కాబట్టి, గాలి చొరని తడి ఒండ్రులో అది వేల ఏళ్లు చెడకుండా ఉంటుంది. ఇసుకను సైతం కరిగించే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లానికి కూడా లొంగదు. ఒక్కొక్క పొరలో ఏ చెట్టు రేణువులు నూటికి ఎన్ని ఉన్నాయో లెక్కగట్టి, స్వీడన్ శాస్త్రజ్ఞుడు లెనార్ట్ వాన్ పోస్ట్ 1916లో పటాలుగా చూపాడు. పులికాట్ ఒడ్డున ఒక పొరలో మడచెట్ల పుప్పొడి దండిగా కనబడితే, ఆ కాలంలో ఉప్పునీరు ఆ దరిదాపుల దాకా వచ్చేదని ఊహించవచ్చు. అయితే రేణువుల లెక్క చెట్ల లెక్క కాదు: గాలిని నమ్ముకున్న గడ్డిజాతులు పుప్పొడిని విరివిగా వెదజల్లుతాయి, తేనెటీగలను నమ్ముకున్న మన శేషాచలం ఎర్రచందనం అంత ధారాళం చూపదు.

ఇక నాకు ప్రియమైన మాటకు వస్తాను. పూవు అనే ఒక్క మాట నుంచే పూదేనె, పుప్పొడి రెండూ వచ్చాయి. కాని తోబుట్టువుల నడక ఒకటి కాదు. పూవులో వు లోపించి, నుగాగమం (మధ్యలో నకారం చేరడం) వచ్చి, తేనెలోని తకారం దకారమై పూఁదేనె అయింది. పూఁదోటదీ ఇదే దారి. ఆ అరసున్న ఒకనాటి నకారపు జాడ. సరిహద్దు దాటి తిరుత్తణికి వెళితే ‘పూందోట్టం’ అని ఆ అనునాసికాన్ని నేటికీ నిండుగా పలుకుతారు. ఈ లెక్కన పూఁబొడి కావలసిన మాట పుప్పొడి అయింది: దీర్ఘం కుదించుకొని, ఆ బరువు పకార ద్విత్వం మీదికి చేరింది. మూడు కన్నులవాడు ముక్కంటి కావడంలోనూ ఇదే పోకడ కనబడుతుంది; శ్రీకాళహస్తి చుట్టుపక్కలవారికి ఆ పేరు నేను చెప్పనక్కరలేదు. ఇంత చక్కని అచ్చతెలుగు మాట చేతిలో ఉండగా ‘పోలెన్ గ్రెయిన్స్’ అని తెలుగు లిపిలో అచ్చువేసేవారి తొందర నాకు అర్థం కాదు.

పరాగ రేణువులో పునరుక్తి ఉందని కొందరు ఆక్షేపిస్తారు. ‘పరాగః కౌసుమే రేణౌ’ (పరాగమంటే పూల రేణువు) అన్న అమరసింహుడే రెండు మాటలనూ దగ్గరికి చేర్చాడు. పైగా శాస్త్రానికి లెక్కించదగిన విడి గింజ కావాలి. పొడిని లెక్కపెట్టలేము కదా. పరాగానికి ఉన్న స్నానచూర్ణం, దుమ్ము అన్న తక్కిన అర్థాలు ఇక్కడ అడ్డురావు. నేనైతే పుప్పొడి రేణువు అంటాను. పరాగ రేణువుకు మార్కులు తగ్గించవద్దు.

శిలాజం సంగతి: ఆ మాటకు శిలలో పుట్టినదని అవయవార్థం. ఆ లెక్కన గోదావరి లోయ బొగ్గుపొరల్లో ముద్రపడిన, ఏనాడో అంతరించిన గ్లాసాప్టెరిస్ చెట్టు ఆకూ శిలాజం కాకూడదు, అది చెట్టున పుట్టింది. రూఢిని, అంటే వాడుకలో స్థిరపడిన అర్థాన్ని, ఒప్పుకుంటే పుప్పొడికీ ఒప్పుకోవాలి. కొద్దివేల ఏళ్ల ఒండ్రులో దొరికినదాన్ని మాత్రం ‘ప్రాచీన పుప్పొడి’ అనడం నాకు మేలుగా తోస్తుంది, పట్టుబట్టను. శిల అనగానే మీ పిల్లలు తిరుమల శిలాతోరణం వైపు చూస్తారేమో; ఆ రాయి వయసు వంద కోట్ల ఏళ్లకు పైమాట, పూలు పూచే మొక్కలు ఆ తర్వాత ఎంతో కాలానికి గాని రాలేదు.