రబ్బరు స్టాంపు ఒక్కటే చాలు

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. హౌస్ సర్జన్సీ ముగిసిందని, పీజీ సీటు వచ్చేలోగా ఖమ్మంలో చిన్న క్లినిక్ పెట్టుకుంటావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. సంతోషం. బోర్డు రాయడానికి పెయింటర్‌ను కూడా మాట్లాడావట. కాస్త ఆగు.

నీ దగ్గర ఇప్పుడున్నది తాత్కాలిక రిజిస్ట్రేషన్. అది హౌస్ సర్జన్సీ చేయడానికి ఇచ్చిందే తప్ప సొంతంగా రోగులను చూడటానికి కాదు. నమోదు లేకుండా ప్రాక్టీసు చేస్తే ఏడాది దాకా జైలు, లేదా 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ అని 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం 34వ సెక్షన్ చెబుతుంది. ఎంబీబీఎస్ పట్టా ఉంది కదా అంటే సరిపోదు. కర్నూలులో చదివావు కాబట్టి ముందు ఆంధ్రప్రదేశ్ వైద్య మండలిలో శాశ్వత రిజిస్ట్రేషన్ చేయించుకో. అక్కడ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకుని తెలంగాణ వైద్య మండలిలో నమోదు చేయించుకోవాలి. ఈ తిరుగుడు విసుగు పుట్టిస్తుంది, తప్పదు. క్లినిక్‌కు విడిగా జిల్లా వైద్యాధికారి కార్యాలయంలో రిజిస్ట్రేషన్ ఉంటుంది. వాడిన సూదులు, దూది పట్టుకెళ్లే వాళ్లతో ఒప్పందం, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి కూడా చూసుకో. ఇవన్నీ కాగితాల పని, ఓపిక ఉంటే అయిపోతాయి.

నా బెంగ ఆ తర్వాత నీ దగ్గరికి వచ్చే మనుషుల గురించి.

మొదట ఆర్‌ఎంపీలు వస్తారు. అసలు ఆ మూడక్షరాలు రిజిస్టరయిన వైద్యులవి, అంటే మనవి. రిజిస్టరు కాని వాళ్లు వాటిని ఎప్పుడో పట్టుకుపోయి, మొదటి అక్షరాన్ని 'రూరల్' అని విప్పి చెప్పుకుంటున్నారు. వాళ్లందరినీ తిట్టడానికి నాకు నోరు రాదు. నేను ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉన్న రోజుల్లో వాగు పొంగిందంటే అవతలి ఊరికి అర్ధరాత్రి దిక్కు అక్కడి ఆర్‌ఎంపీ ఒక్కడే. కానీ ప్రతి జ్వరానికీ ఒక డెక్సా (స్టెరాయిడ్) సూది, ప్రతి నీరసానికీ ఒక సెలైన్ బాటిల్ పెట్టించుకుని, చేయి దాటాక నా దగ్గరికి వచ్చినవాళ్లనూ చూశాను. ఇప్పుడు నీ దగ్గరికి వచ్చే ఆర్‌ఎంపీ కేసులు పంపుతానంటాడు, కేసుకింత అని అడుగుతాడు. ఇవ్వకు. నువ్వు పంపే పరీక్షలకు ల్యాబు వాళ్లు కవరిస్తే అదీ పుచ్చుకోకు. కమీషన్ ఇవ్వడమూ పుచ్చుకోవడమూ రెండూ 2002 నాటి వైద్య నైతిక నియమావళి ప్రకారం తప్పే.

తర్వాత మెడికల్ షాపు యజమాని వస్తాడు. షాపు వెనక గది ఉచితం, అద్దె వద్దంటాడు. ఆ అద్దె నీ మందుల చీటీల్లోంచి వసూలవుతుంది. మందుల షాపు మీద డాక్టరు బోర్డు తగిలించకూడదని కూడా ఆ నియమావళిలోనే ఉంది.

ఇక మూడోవాడు, డాక్టరు పేరును అద్దెకు అడిగేవాడు, వాడే ప్రమాదం. 'మీరు రానక్కరలేదు మేడం, మీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఇస్తే చాలు, నెల నెలా డబ్బు ఇంటికి పంపిస్తాం' అంటాడు. పీజీకి చదువుకునే పిల్లలకు ఇది తేలికైన సొమ్ములా కనిపిస్తుంది. నేను డబ్బు తీసుకోలేదు కానీ, రిటైరైన కొత్తలో మొహమాటానికి పోయి ఒక నర్సింగ్ హోమ్ బోర్డు మీద నా పేరు ఉండనిచ్చాను. ఒక రాత్రి పదకొండింటికి ఒక తండ్రి మా గుమ్మం ముందు నిలబడి చీటీ చూపించాడు. కింద అచ్చులో నా రిజిస్ట్రేషన్ నంబరు, పైన నాది కాని చేతిరాత. ఆరేళ్ల పిల్లవాడికి పెద్దవాళ్ల మోతాదు రాసి ఉంది. ఆ తండ్రికి అనుమానం వచ్చి మందు వేయకుండా తెచ్చాడు కాబట్టి సరిపోయింది. 'ఇది నేను రాయలేదయ్యా' అన్నాను. 'నంబరు మీదే కదా సార్' అన్నాడు. మర్నాడు నేనే వెళ్లి ఆ బోర్డు దింపించాను. విషయం వైద్య మండలి దాకా పోయి ఉంటే నేనేం చెప్పేవాణ్నో ఇప్పటికీ తోచదు.

దొంగ సర్టిఫికెట్ల కోసం మాత్రం బయటివాళ్ల కంటే ముందు మన బంధువులే వస్తారు, మీ నాన్నతో సహా. చూడని జ్వరానికి సెలవు కాగితం రాయకు. రాసిన ప్రతిదానిలో రోగి సంతకమో వేలిముద్రో, చిరునామా, ఒక పుట్టుమచ్చ గుర్తు ఉండాలి, నకలు నీ దగ్గర ఉండాలి. ఈ పద్ధతి పాటిస్తే సగం మంది బంధువులు వాళ్లంతట వాళ్లే తగ్గిపోతారు.

ఇక బోర్డు. పేరు, ఎంబీబీఎస్, రిజిస్ట్రేషన్ నంబరు, అంతే. 'షుగర్ స్పెషలిస్టు' అని రాయించుకోకు, ఆ చదువు నువ్వింకా చదవలేదు. నంబరు మందుల చీటీ మీదా, రసీదు మీదా కూడా ఉండాలి. మందుల పేర్లు జెనరిక్‌లో, అంటే కంపెనీ పెట్టిన పేరుతో కాక మందు అసలు పేరుతో, వీలైతే క్యాపిటల్ అక్షరాల్లో రాయి. నా రాతను మాత్రం ఆదర్శంగా తీసుకోకు.

తెలంగాణ నంబరు చేతికి వచ్చిన రోజు ఫోను చెయ్యి. పెయింటర్‌కు అప్పుడే అడ్వాన్సు ఇద్దువుగాని. నీ పేరు, నంబరు ఉన్న రబ్బరు స్టాంపు నేను చేయించి తెస్తాను, ఒక్కటే. సాయంత్రం ఇంటికి వెళ్లేటప్పుడు దాన్ని కాంపౌండరు బల్ల మీద వదలకుండా నీ సంచిలో వేసుకుని వెళ్లు.

మీ పెదనాన్న