బయోఫీడ్‌బ్యాక్ ప్యాకేజీ తీసుకోవాలా అని అడిగిన చిత్తూరు చెల్లెలికి

రెండో కాన్పు తర్వాత దగ్గినా తుమ్మినా యూరిన్ జారిపోతోంది, కెగెల్ వ్యాయామం (యూరిన్ ఆపే కింది కండరాలను బిగించి వదలడం) చేయమన్నారు గానీ సరిగ్గా చేస్తున్నానో లేదో తెలియడం లేదు, ఇప్పుడేమో ఫిజియో క్లినిక్‌లో బయోఫీడ్‌బ్యాక్ సిట్టింగులు ప్యాకేజీగా తీసుకోమంటున్నారు, అది అవసరమా, నొప్పి పుడుతుందా, ఆన్‌లైన్‌లో మెషిన్ కొనుక్కుంటే సరిపోదా, అక్కలెవరైనా చెప్పండి అన్నారు. నేను చేయించుకున్నాను, చెబుతా. మాది తిరుపతి, స్కూల్ టీచర్ని, రోజంతా నిలబడి గొంతు చించుకునే ఉద్యోగం.

బీపీ మెషిన్ బీపీని తగ్గిస్తుందా? బయోఫీడ్‌బ్యాక్ కూడా అంతే. మీరు బిగించినప్పుడు లోపల ఏం జరుగుతోందో స్క్రీన్ మీద చూపిస్తుంది, కండరానికి బలం మాత్రం ఇంట్లో రోజూ చేసే వ్యాయామంతోనే వస్తుంది. కరెంటు పెట్టే మెషిన్ వేరు, దాన్ని ఎలక్ట్రికల్ స్టిమ్యులేషన్ అంటారు, అది సన్నటి కరెంటుతో కండరాన్ని తనే బిగిస్తుంది. కొన్ని మెషిన్లలో రెండూ ఉంటాయి, మీకు ఏది పెడుతున్నారో అడిగి తెలుసుకోండి.

నొప్పి లేదు, సిగ్గు ఉంది, అదీ మొదటి అయిదు నిమిషాలే. ప్రోబ్ అని వేలు లావు కడ్డీ ఉంటుంది, దానికి జెల్లీ రాసి యోనిలో పెడతారు, మనమే పెట్టుకోవచ్చు కూడా. పొట్ట మీద స్టిక్కర్లు అతికిస్తారు. ప్రోబ్ వద్దనుకుంటే మలద్వారం పక్కన చర్మం మీద స్టిక్కర్లు పెట్టి చూసే పద్ధతీ ఉంది. కొన్ని మెషిన్లు ఒత్తిడిని కొలుస్తాయి, కొన్ని కండరంలో పుట్టే విద్యుత్తును మైక్రోవోల్టుల్లో కొలుస్తాయి. నాకు పెట్టింది రెండో రకం. స్క్రీన్ మీద రెండు గీతలు, ఒకటి కింది కండరాలది, ఒకటి పొట్టది. గాలి పోకుండా ఆపుకుంటున్నట్టు, యూరిన్ ఆపుకుంటున్నట్టు లోపలికి పైకి లాగాలి, అప్పుడు కింది కండరాల గీత లేవాలి, పొట్ట గీత పెద్దగా కదలకూడదు. చాలామందికి పొట్టే ముందు బిగుసుకుంటుందట, తొడలూ పిరుదులూ కూడా.

నా గీత బాగానే లేచేది, కానీ దిగేది కాదు. ఎక్కడ యూరిన్ జారిపోతుందో అన్న టెన్షన్‌తో పొద్దస్తమానం బిగబట్టుకుని ఉండటం అలవాటైపోయి, వదలమన్నా వదలడం రాలేదు. ఫిజియో మేడమ్ బిగించడం పక్కనపెట్టించి, పొట్ట నిండా ఊపిరి పీల్చి వదులుతూ గీతను కిందికి దించడం నేర్పారు, అది వచ్చాకే మళ్ళీ బిగించమన్నారు. ఎప్పుడూ బిగుసుకునే ఉన్న కండరానికి ఇంకా ఇంకా కెగెల్ చేస్తే నొప్పి పెరిగే అవకాశం ఉంది. ఇది ఏ వీడియో చూసినా నాకు తెలిసేది కాదు, స్క్రీన్ వల్లే తెలిసింది, అందుకే పెట్టిన డబ్బుకు బాధ లేదు.

సరిగ్గా చేస్తున్నానో లేదో అన్న మీ అనుమానం కొత్తదేం కాదు. 1991లో అమెరికాలో 47 మంది ఆడవాళ్ళకు నోటిమాటగా చెప్పి చేయించి చూస్తే సరిగ్గా చేసింది దాదాపు సగం మందే, పావు వంతు మంది లీకు ఇంకా ఎక్కువయ్యే పద్ధతిలో చేశారు. ఈ వ్యాయామానికి పేరిచ్చిన ఆర్నాల్డ్ కెగెల్ కూడా వట్టి మాటలతో నేర్పలేదు, 1948 నాటికే పెరినియోమీటర్ అని ఒత్తిడి కొలిచే పరికరం పెట్టి, ముల్లు కదులుతుంటే చూస్తూ చేయించాడు.

అలాగని ప్యాకేజీ కట్టేయకండి. బ్రిటన్‌లో 600 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి వ్యాయామం, ఇంకో గుంపుకి వ్యాయామంతో పాటు బయోఫీడ్‌బ్యాక్ ఇచ్చి రెండేళ్ళ తర్వాత చూస్తే లీకులో తేడా ఏమీ కనబడలేదు. 2020లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చింది. అయితే ఆ రెండు గుంపులకీ దగ్గరుండి నేర్పినవాళ్ళు ఉన్నారు, అది మర్చిపోకూడదు. అంటే, గ్లోవ్ వేసుకుని వేలితో పరీక్ష చేసి, ఇదిగో ఇలా బిగించమని చెప్పే ఫిజియో దొరికి, మీకూ పట్టు తెలిస్తే మెషిన్ లేకపోయినా ఏం కాదు. ఎంత చెప్పినా లోపల ఏం కదులుతోందో తెలియకపోతే, లేదా నాలా వదలడం రాకపోతే అప్పుడు పెట్టించుకోండి. ఏ సిట్టింగుకి ఆ సిట్టింగు డబ్బు కట్టండి.

అసలు పని ఇంట్లోనే. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ అనే సంస్థ ప్రకారం పూటకు కనీసం 8 సార్లు బిగించడం, రోజుకు 3 పూటలు, కనీసం 3 నెలలు. నాకు మొదట పనికొచ్చింది ఇంకోటి, తుమ్ము వస్తోందనగానే ముందు బిగించి తర్వాత తుమ్మడం. చాక్‌పీస్ పొడి మధ్య బతికేదాన్ని కదా, క్లాసులో అదే పరువు నిలబెట్టింది. బాత్‌రూమ్‌లో యూరిన్ మధ్యలో ఆపి ఆపి ప్రాక్టీస్ చేయమని కొందరు చెబుతారు, రోజూ అలా చేయకూడదు. మలబద్ధకం ఉంటే అది కూడా చూసుకోండి, ముక్కి ముక్కి వెళ్తుంటే చేసిన వ్యాయామమంతా వృథా. నీళ్ళు తాగడం మానేయడం మందు కాదు, మన రాయలసీమ ఎండల్లో అసలే వద్దు.

ఇంకోమాట, ఎవరూ పైకి చెప్పరు. ఒక్క చుక్క పడినా మైల అనుకుని కొండకు రానని సాకులు చెప్పే ఆడవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు, నేనూ కొన్నాళ్ళు క్యూ కాంప్లెక్స్ తలుచుకుని వెనక్కి తగ్గాను. మెట్లు ఎక్కడం కన్నా దిగేటప్పుడే ఎక్కువ జారేది నాకు. ప్యాడ్ పెట్టుకుని వెళ్ళండి, స్వామి ఏమీ అనుకోడు.

ఇంట్లో వాడే మెషిన్లు ఫోన్ యాప్‌తో వస్తున్నాయి. బిగించడం, వదలడం ఎవరైనా ఒకసారి చూసి సరే అన్నాక కొనుక్కుంటే కొనుక్కోండి, లోపల పెట్టేది మాత్రం ఒక్కరికే, అక్కాచెల్లెళ్ళ మధ్య కూడా మార్చుకోకండి. గర్భం ఉన్నా, ఇన్ఫెక్షన్ ఉన్నా, కాన్పయి కొద్ది వారాలే అయినా డాక్టర్‌ని అడగకుండా వాడొద్దు.

ఇవన్నిటికన్నా ముందు గైనకాలజిస్ట్ దగ్గర యూరిన్ టెస్టు, షుగర్ చూపించుకోండి. మంట, రక్తం, కిందికి ఏదో గడ్డ దిగినట్టు ఉంటే ఆలస్యం చేయకండి. దగ్గు, తుమ్ము లేకుండానే ఒక్కసారిగా వచ్చేసి బాత్‌రూమ్ దాకా ఆగకపోతే అది వేరే రకం, దానికి వేళ ప్రకారం వెళ్తూ కొద్ది కొద్దిగా ఆపుకునే శిక్షణ కూడా ఇస్తారు. చిత్తూరు నుంచి మీకు వేలూరు సీఎంసీ దగ్గరే, తిరుపతి వస్తానంటే స్విమ్స్‌లో ఫిజియోథెరపీ కాలేజీ ఉంది. వెళ్ళే ముందు ఫోన్ చేసి, కాన్పు తర్వాత యూరిన్ సమస్య చూసే లేడీ ఫిజియో ఉన్నారా, లోపలి పరీక్ష చేస్తారా, బయోఫీడ్‌బ్యాక్ ఉందా, ప్రోబ్ ఎవరిది వాళ్ళకే ఇస్తారా అని నాలుగూ అడగండి.