టెక్ సందేహాలు: ఎమ్మారై రిపోర్టులో గుర్రపు తోక

ప్రశ్న: నాన్నగారి నడుము ఎమ్మారై రిపోర్టును ఫొటో తీసి, తెలుగులోకి మార్చే ఓ ఉచిత యాప్‌లో పెట్టాను. ‘డిస్క్ ఎండిపోయింది’, ‘గుర్రపు తోక చెప్పుకోదగ్గది కాదు’ అని వచ్చింది. ఇంట్లో అందరికీ టెన్షన్. తప్పు యాప్‌దా, రిపోర్టుదా?
– ఖమ్మం పాఠకుడు

జవాబు: మళ్లీ అదే ఉత్తరం. ఊరు మారుతోంది, నడుం నొప్పి మారడం లేదు.

గుర్రపు తోక నిజంగానే ఉందండీ. వెన్నుపాము నడుము పైభాగంలో, ఎల్1, ఎల్2 పూసల దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి నరాలు కుచ్చులా కిందికి దిగుతాయి. వాటి లాటిన్ పేరు ‘కాడా ఈక్వైనా’. అర్థం గుర్రపు తోకే! పేరును పేరుగా వదిలేయకుండా యాప్ దాన్నీ తెలుగు చేసేసింది. ‘అన్‌రిమార్కబుల్’ అని రేడియాలజిస్టు రాస్తే తేడా ఏమీ కనిపించలేదని అర్థం. అంటే మీరు భయపడింది మంచి కబురుకి. ‘డెసికేషన్’ అంటే డిస్క్‌లో, అదే పూసల మధ్య ఉండే మెత్తటి దిండులో, నీరు తగ్గడం. అరుగుదలలో అదో భాగం. 2015లో వచ్చిన ఒక వైద్య సమీక్షలో, నొప్పే లేనివాళ్లలో సైతం 20 ఏళ్ల వయసులో 37 శాతం, 80 ఏళ్ల వయసులో 96 శాతం మందికి డిస్క్ అరుగుదల ఉన్నట్టు తేలింది.

ఇలాంటి యాప్‌లు ఫొటోలోని అక్షరాలనూ సరిగ్గా చదవవు. నడుము అడుగున పూసలు కలిసే చోటును చెప్పే ఎల్5–ఎస్1 (L5–S1) కాస్తా ‘15–51’ అయిపోతుంది. స్పాండిలోసిస్ (అరుగుదల), స్పాండిలోలిసిస్ (పూసలో పగులు), స్పాండిలోలిస్థెసిస్ (పూస జారడం) వేరువేరు. ఒక్క అక్షరం తప్పినా జబ్బు మారిపోతుంది. నాన్నగారికి మూత్రం, మల విసర్జన అదుపు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా యాప్ తెరవకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది మీరు అడగని సంగతి. ఆ ఫొటో పైన నాన్నగారి పేరు, వయసు, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయి కదా? అవన్నీ ఎవరిదో తెలియని సర్వర్‌కు చేరే ఉంటాయి. మీ ఫోన్లోంచి యాప్ తీసేసినా అక్కడివి పోవు. ఇక స్కాన్ సెంటర్ ఇచ్చే డైకామ్ ఫైలు (స్కాన్ బొమ్మలు ఉండే ఫైలు) ఇంకా ప్రమాదం. బొమ్మ మీద పేరు కనిపించకపోయినా ఫైలు లోపల పేరు, పుట్టిన తేదీ, ఐడీ ఉంటాయి. ఈమధ్య మా బంధువొకాయన తన స్కాన్ లింకును ఫ్యామిలీ గ్రూపులో పడేశారు. ఓటీపీ అడగలేదు, పాస్‌వర్డ్ అడగలేదు. పెళ్లికి పిలవని వాళ్లు కూడా ఆయన వెన్నుపూసలు లెక్కపెట్టారు! అర్థం కావాలంటే మీకు తెలియని మాట ఒక్కటే టైప్ చేసి వెతకండి. ఫొటోనే పెట్టాల్సి వస్తే పేరున్న పై భాగం కత్తిరించండి.

అయినా మిమ్మల్ని అని లాభమేముంది? వేలకు వేలు తీసుకుని, తెలుగులో నాలుగు ముక్కలు రాసివ్వని సెంటర్లను అనాలి. పైగా చేతిలో ఓ సీడీ పెడతారు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లో సీడీ పెట్టే చోటేది? మా అత్తయ్యగారిది మూడేళ్లుగా బీరువాలో పెళ్లి వీడియోల పక్కనే ఉంది. ఇంట్లో ఇంతవరకు ఎవరూ తెరిచి చూడలేదు.