‘లేదండి’ అనే జవాబు ఎందుకొస్తుంది?

శాసనసభలో ప్రశ్నోత్తరాల మీద, బడ్జెట్ లెక్కల మీద కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం.

ప్రశ్న: కాలువ కింద పొలాలకు నీళ్లు అందడం లేదని సభలో ఒక సభ్యుడు అడిగితే, మంత్రి ‘లేదండి’, ‘ప్రశ్న ఉత్పన్నం కాదు’ అని రెండు ముక్కల్లో తేల్చేశారు. ఎండిన కాలువ కళ్ల ముందు కనిపిస్తుంటే అలా ఎట్లా చెప్తారు? (రైతు, ఉరవకొండ)

ఆ జవాబుకు దారి ప్రశ్నలోనే ఉంది. మన సభలో ప్రశ్న రాసే పద్ధతి పాతది. ‘ఈ క్రింది విషయములను గౌరవ మంత్రిగారు దయచేసి తెలియజేయుదురా’ అని మొదలవుతుంది. తర్వాత (అ) ఫలానా విషయం వాస్తవమేనా. (ఆ) అయినచో, ప్రభుత్వం తీసుకున్న చర్యలేమిటి? ఇంతే. (అ)కి ‘లేదండి’ అని రాస్తే (ఆ)కి జవాబు చెప్పే పనే ఉండదు. పైగా అది అబద్ధం కూడా కాకుండా పోతుంది. ‘ఆయకట్టుకు నీరందడం లేదన్నది వాస్తవమేనా’ అని అడిగినప్పుడు, ఆ ఆయకట్టులో ఎక్కడో కొన్ని ఎకరాలు తడిసినా ‘లేదండి’ అన్న మాట నిలబడుతుంది. జవాబు ముసాయిదా తయారుచేసే శాఖాధికారులకు ఈ కిటుకు బాగా తెలుసు.

హంద్రీ–నీవానే తీసుకోండి. మల్యాల దగ్గర శ్రీశైలం వెనుక జలాలను ఎత్తిపోసి, 40 టీఎంసీలతో ఉమ్మడి కర్నూలు, అనంతపురం, కడప, చిత్తూరు జిల్లాల్లో 6.025 లక్షల ఎకరాలకు నీరివ్వాలన్నది ఆ పథకం లెక్క. ప్రధాన కాలువలో నీళ్లు పారడం ఒక సంగతి. పిల్ల కాలువలు తవ్వి పొలం గట్టు దాకా తేవడం ఇంకో సంగతి. ‘కాలువకు నీళ్లు వస్తున్నాయా’ అంటే ‘అవునండి’ అంటారు. అదీ నిజమే. మీ చేను మాత్రం ఎండే ఉంటుంది.

అదే ప్రశ్నను ఇలా రాసి చూడండి: (అ) ఫలానా ప్యాకేజీ (కాంట్రాక్టరుకు విడిగా అప్పగించిన పని భాగం) కింద ప్రతిపాదించిన ఆయకట్టు ఎంత, గత మూడు ఖరీఫ్‌లలో ఏటా నీరందిన ఎకరాలు మండలాలవారీగా ఎన్ని; (ఆ) ఆ ప్యాకేజీకి అదే మూడేళ్లలో బడ్జెట్‌లో కేటాయించిన సొమ్ము, విడుదల చేసిన సొమ్ము, ఖర్చయిన సొమ్ము ఎంతెంత; (ఇ) పిల్ల కాలువలకు ఇంకా సేకరించవలసిన భూమి ఏ గ్రామంలో ఎన్ని ఎకరాలు; (ఈ) చెల్లించవలసిన బిల్లులు ఎంత మొత్తం, ఏ తేదీ నుంచి ఆగి ఉన్నాయి?

ఇందులో ‘వాస్తవమేనా’ అన్న మాటే లేదు. ఏ భాగానికీ అవును, కాదు అని జవాబు చెప్పి తప్పుకోలేరు. అంకె చెప్పాలి, లేదా ‘సమాచారం సేకరిస్తున్నాం’ అనాలి. రెండో మాట అన్నా మనకు లాభమే, ఎందుకో తర్వాతి జవాబుల్లో చెప్తాం.

ఇక్కడ మన జిల్లాలకు ప్రత్యేకంగా ఒక గుంట ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి, కర్నూలు నుంచి నంద్యాల, కడప నుంచి అన్నమయ్య జిల్లాకు పోయిన భాగం వేరయ్యాయి. ‘అనంతపురం జిల్లాలో గత ఐదేళ్లలో’ అని అడిగితే, ముందరి ఏళ్లకు పాత జిల్లా అంకె, తర్వాతి ఏళ్లకు కొత్త జిల్లా అంకె ఒకే పట్టికలో వచ్చి కూర్చుంటాయి. ఖర్చు ఉన్నట్టుండి సగమైందని పొరపాటు పడతాం. ఒక్కోసారి ఆ పొరపాటు పత్రికల్లోకి కూడా ఎక్కుతుంది. అందుకే ‘పూర్వపు అనంతపురం జిల్లా పరిధిలో, మండలాలవారీగా’ అని రాయించాలి.

ప్రశ్న తిరస్కారానికి గురయ్యే కారణాలు కూడా తెలుసుకోవాలి. లోక్‌సభ నిబంధనల ప్రకారం ప్రశ్న 150 మాటలు దాటకూడదు. అందులో వాదన, ఎత్తిపొడుపు, నింద ఉండకూడదు. అభిప్రాయం అడగకూడదు. ఊహాజనితమైన సంగతి అడగకూడదు. కోర్టులో నడుస్తున్న విషయం, ఇంతకుముందే జవాబిచ్చిన విషయం అడగకూడదు. శాసనసభల నిబంధనలు కూడా దాదాపు ఇదే బాటలో ఉంటాయి. కడుపు మండి రాసిన ప్రశ్నలో ‘ఇంత నిర్లక్ష్యం ఎందుకు’ అన్న ఒక్క మాట చాలు, కాగితం వెనక్కి రావడానికి. ఆ కోపమంతా అంకెల్లోకి మళ్లించాలి.

ప్రశ్న: నక్షత్రం గుర్తు ఉన్న ప్రశ్నే గొప్పదా? (డిగ్రీ విద్యార్థి, ఆదోని)

నక్షత్రం గుర్తు ఉంటే మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. గుర్తు లేనిదానికి రాతపూర్వక జవాబు వస్తుంది, అనుబంధాలుండవు. లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర ప్రశ్నలు, 230 గుర్తులేని ప్రశ్నలు జాబితాకెక్కుతాయి. ఒక సభ్యుడికి ఒక రోజు ఒక్క నక్షత్ర ప్రశ్నే దక్కుతుంది. నోటీసు కనీసం పదిహేను పూర్తి రోజుల ముందు ఇవ్వాలి. అత్యవసరమైతే స్వల్ప వ్యవధి ప్రశ్న వేయవచ్చు గానీ దానికి మంత్రి ఒప్పుకోవాలి.

జాబితాలో ఉన్నంత మాత్రాన ప్రశ్న సభలో వినబడుతుందనుకోకండి. గంట అయిపోతే మిగిలిన నక్షత్ర ప్రశ్నల జవాబులు కాగితం రూపంలో సభ ముందుంచినట్టే లెక్క. అందుకే మా అభిప్రాయం ఇది: పట్టికలు, ఊళ్ల పేర్లు, ఏళ్లవారీ లెక్కలు కావాలంటే గుర్తులేని ప్రశ్నే మేలు. నోటి జవాబులో మంత్రి పది పేజీల పట్టిక చదవరు. అంకెలు ముందుగా చేతికి వచ్చాక, తర్వాతి సమావేశాల్లో దాని మీద నక్షత్ర ప్రశ్న వేస్తే పదును ఉంటుంది.

అనుబంధ ప్రశ్న విషయంలో ఎక్కువమంది సభ్యులు చేసే తప్పు ఒకటుంది. లోక్‌సభలో ప్రశ్న వేసినవారికి మామూలుగా రెండు అనుబంధాలకు అవకాశమిస్తారు. ఆ రెండు అవకాశాలూ నియోజకవర్గం కష్టాల మీద ఉపన్యాసానికి పోతాయి. ‘ప్రశ్న అడగండి’ అని స్పీకర్ అనేసరికి సమయం దాటిపోతుంది. జవాబు కాగితం అందగానే అందులో ఏ అంకె లేదో వెతికి, దాని గురించే ఒక్క వాక్యంలో అడగాలి. ‘విడుదల చెప్పారు, ఖర్చు చెప్పలేదు. ఎంత?’ అనడం చాలు.

ప్రశ్న: మా ఎమ్మెల్యేనే మంత్రి. మరి మా తరఫున ఎవరడుగుతారు? (ఉపాధ్యాయిని, కర్నూలు జిల్లా)

మంత్రులు ప్రశ్నలు వేయరు, జవాబులిస్తారు. కానీ మీ ఊరి గురించి మీ ఎమ్మెల్యేనే అడగాలన్న నియమం ఎక్కడా లేదు. రాష్ట్రంలోని 175 మందిలో మంత్రి కాని ఏ సభ్యుడైనా మీ ఊరి బడి గురించి అడగవచ్చు. శాసనమండలిలో 58 మంది ఉన్నారు. అందులో ఉపాధ్యాయ, పట్టభద్రుల నియోజకవర్గాల నుంచి ఎన్నికైనవారు కూడా ఉంటారు. మీది బడి సమస్య అయితే మొదట ఆ తలుపే తట్టండి.

ప్రశ్న: ‘ఇన్ని కోట్లు కేటాయించాం’ అంటారు. ఊళ్లో పని కనపడదు. డబ్బు ఎక్కడ ఆగిందో ఎట్లా పట్టుకోవాలి? (ప్రొద్దుటూరు)

కేటాయింపు మొదటి మెట్టు మాత్రమే. దాని తర్వాత పరిపాలనా అనుమతి జీవో రావాలి, సాంకేతిక అనుమతి కావాలి, టెండరు పిలవాలి, ఆర్థిక శాఖ నిధులు విడుదల చేయాలి. పని జరిగాక బిల్లు సీఎఫ్ఎంఎస్‌లో (రాష్ట్ర ప్రభుత్వ చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థలో) ఎక్కాలి, అది పాస్ కావాలి. ఏ మెట్టు దగ్గరైనా పని నిలిచిపోవచ్చు. ‘మంజూరు చేశాం’ అన్న మాట ఈ మెట్లలో దేనికైనా సరిపోతుంది కాబట్టి, ప్రశ్నలో ‘మంజూరు’ అని ఒక్కటే అడిగితే మోసపోతాం. జీవో నంబరు, తేదీ, విడుదల తేదీ, చెల్లించిన మొత్తం విడివిడిగా అడగాలి.

బడ్జెట్ పుస్తకంలో ఒకే పద్దుకు మూడు రకాల అంకెలుంటాయి: బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, వాస్తవ వ్యయం. వాస్తవ వ్యయం రెండేళ్ల కిందటి సంవత్సరానికి ఉంటుంది. ప్రకటనల్లో వినబడేది మొదటిది, నిజం తెలిసేది చివరిది. పెద్ద నీటిపారుదల మూలధన వ్యయం 4700 పద్దు కింద, రోడ్లు, వంతెనల మూలధన వ్యయం 5054 కింద, సాధారణ విద్య 2202 కింద, వైద్య ఆరోగ్యం 2210 కింద చూడాలి. ఈ నాలుగంకెల సంఖ్యలు దేశమంతా ఒకటే. ఇంకో జాగ్రత్త: సొమ్మును పీడీ ఖాతాకు (ఖజానాలో అధికారి పేరిట ఉండే డిపాజిట్ ఖాతాకు) మళ్లిస్తే పుస్తకంలో ఖర్చయినట్టు కనిపించవచ్చు, ఊళ్లో మట్టి కదలకపోవచ్చు. ‘పీడీ ఖాతాల్లో నిల్వ ఎంత’ అని అడిగే సభ్యుడు తక్కువ. అడిగితే మాత్రం గట్టి దెబ్బే.

పద్దుల మీద చర్చ జరిగేటప్పుడు సభ్యుల చేతిలో కోత తీర్మానం ఉంటుంది. ఆ పద్దును ఒక్క రూపాయికి తగ్గించాలంటే విధానాన్నే వ్యతిరేకించినట్టు. ఫలానా మొత్తం తగ్గించాలంటే పొదుపు కోరినట్టు. నూరు రూపాయలు తగ్గించాలంటే ఒక నిర్దిష్టమైన సమస్యను సభ ముందు పెట్టినట్టు. నూరు రూపాయల తీర్మానం చూడటానికి చిన్నదే. మీ ఊరి ఆసుపత్రి పేరు సభ రికార్డులోకి ఎక్కడానికి అదొక మంచి దారి. చర్చకు గడువు ముగిసిన రోజు, మిగిలిన పద్దులన్నీ చర్చ లేకుండా ఓటుకు పోతాయి. దీన్నే గిలెటిన్ అంటారు. ఏ శాఖ అలా చర్చ లేకుండా దాటిపోతోందో ప్రతి ఏడూ గమనించండి.

ఖర్చయ్యాక తనిఖీ చేసేది కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్). రాజ్యాంగం 151వ అధికరణం కింద రాష్ట్ర నివేదిక గవర్నరుకు, అక్కడి నుంచి శాసనసభకు వస్తుంది. ప్రజా పద్దుల కమిటీ దాన్ని పరిశీలిస్తుంది. అక్కడ కూర్చోబెట్టి అడిగేది శాఖ కార్యదర్శులను. కెమెరాలు లేని ఆ గదిలో జరిగే పని, సభలో అరుపుల కంటే ఎక్కువ నిజాలు బయటికి తెస్తుందని మా నమ్మకం.

ప్రశ్న: వేరుశనగ పంట బీమా గురించి అసెంబ్లీలో అడగాలా, పార్లమెంటులోనా? (కళ్యాణదుర్గం)

ప్రధానమంత్రి ఫసల్ బీమాలో రైతు వాటా ఖరీఫ్ ఆహార, నూనెగింజల పంటలకు 2 శాతం, రబీకి 1.5 శాతం, వాణిజ్య, ఉద్యాన పంటలకు 5 శాతం. మిగతా ప్రీమియం కేంద్రం, రాష్ట్రం పంచుకుంటాయి. కాబట్టి రాష్ట్రం వాటా ఏ తేదీన కట్టింది, పంటకోత ప్రయోగాలు ఎన్ని జరిగాయి అన్నది అసెంబ్లీలో అడగాలి. కేంద్రం వాటా గురించి, కంపెనీలు పరిహారం ఆలస్యం చేయడం గురించి ఎంపీ ద్వారా అడిగించాలి. రెండూ కలిపి ఒకే చోట అడిగితే ‘ఇది మా పరిధి కాదు’ అంటారు.

ప్రశ్న: సభలో మంత్రి ‘పరిశీలిస్తాం’ అంటే దానికి విలువేమైనా ఉందా? (విశ్రాంత ఉద్యోగి, కడప)

ఉంది. చాలామందికి తెలియక వదిలేస్తున్నది ఇదే. ‘పరిశీలనలో ఉంది’, ‘విచారిస్తాం’, ‘సమాచారం సేకరించి సభ ముందుంచుతాం’ వంటి మాటలను పార్లమెంటులో హామీలుగా లెక్కగడతారు. లోక్‌సభ విషయంలో అలాంటి హామీని మూడు నెలల్లో నెరవేర్చాలి. కుదరకపోతే గడువు పొడిగించమని అడగాలి. దాన్ని వెంటాడేందుకు హామీల కమిటీ ఉంటుంది. మన శాసనసభలోనూ ఆ పేరుతో కమిటీ ఉంది. ‘సేకరిస్తున్నాం’ అన్న జవాబు మనకు లాభమని పైన చెప్పింది అందుకే. మంత్రి ఆ మాట అన్న తేదీ, ప్రశ్న సంఖ్య రాసిపెట్టుకుని, గడువు దాటాక సభ్యుడి ద్వారా కమిటీకి గుర్తు చేయించాలి.

ప్రశ్న: ప్రశ్నతో మంత్రి పదవి పోయిన సందర్భం ఉందా? (కాలేజీ విద్యార్థిని, అనంతపురం)

1957లో ఎల్ఐసీ సొమ్మును హరిదాస్ ముంద్రా అనే వ్యాపారి కంపెనీల్లో పెట్టిన సంగతి మీద లోక్‌సభలో రామ్ సుభాగ్ సింగ్ ప్రశ్న వేశారు. జవాబు సూటిగా రాలేదు. ఎంపీ ఫిరోజ్ గాంధీ ఆ విషయాన్ని వదలకుండా పట్టుకున్నారు. చాగ్లా కమిషన్ విచారణ జరిగింది, 1958లో ఆర్థిక మంత్రి టి.టి.కృష్ణమాచారి రాజీనామా చేశారు. ప్రశ్నించినవారూ, జవాబిచ్చినవారూ ఒకే పార్టీ వారన్నది గమనించండి. ఇంకో ముఖం కూడా చెప్పాలి. ప్రశ్నలు వేయడానికి డబ్బు తీసుకున్నందుకు 2005 డిసెంబరులో పదకొండు మంది ఎంపీలను సభల నుంచి బహిష్కరించారు.

ప్రశ్న: ప్రశ్న రాసిచ్చి ఎమ్మెల్యేను అడగమనవచ్చా? ఎట్లా ఇవ్వాలి? (ధర్మవరం)

నిరభ్యంతరంగా ఇవ్వవచ్చు. ఒక్క కాగితం చాలు. పైన శాఖ పేరు, కింద అంకెలు కోరే నాలుగు భాగాలు, దాని కింద మీ దగ్గరున్న ఆధారం రాయండి: జీవో నంబరు, శిలాఫలకం ఫోటో, లేదా సమాచార హక్కు కింద వచ్చిన జవాబు. సమాచార హక్కు దరఖాస్తుకు మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయంలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. సమావేశాలు మొదలయ్యాక పరుగెత్తుకెళ్తే నోటీసు గడువు దాటిపోతుంది. కనీసం నెల ముందే కాగితం చేరాలి. సభ నిరవధిక వాయిదా పడి ప్రొరోగ్ అయితే (ఆ సమావేశాలు అధికారికంగా ముగిస్తే) జవాబు రాని నోటీసులు రద్దయిపోతాయి, మళ్లీ కొత్తగా ఇవ్వాలి. అందుకని ఇచ్చే కాగితం నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.