"ఖాళీగానే ఉంది కదా సార్" అన్నారంటే ఆ షాపులో ట్యాంకు ఇవ్వకండి

మీరు అడిగింది ఇది: 1988 అంబాసిడర్, పెట్రోల్ ట్యాంకు అడుగున చిల్లు పడింది, కొత్త ట్యాంకు దొరకలేదు. మీ వీధిలో వెల్డింగ్ షాపతను "నీళ్లతో కడిగి తెండి, పది నిమిషాల్లో వేసిస్తా" అంటున్నాడు. అది సేఫేనా, లేకపోతే ఇంట్లో ఉన్న చిన్న మెషీన్‌తో మీరే వేసుకోవచ్చా?

రెండూ వద్దు. అలాగని ట్యాంకుకు వెల్డింగే చేయించొద్దని కాదు. నాలుగేళ్ల కిందట మా నాన్న ప్రీమియర్ పద్మినికి ఇదే పని చేయించాను, బండి ఇప్పటికీ తిరుగుతోంది. కానీ ఆ పనిలో వెల్డింగ్ పట్టింది పావుగంట, దానికి ముందు పనికి రెండు రోజులు పట్టింది. మీ షాపతను ఆ రెండు రోజుల పనిని పది నిమిషాల్లో కలిపేస్తున్నాడు.

నేనూ మొదట అలాగే వెళ్లాను. ట్యాంకు విప్పి, పైపు పెట్టి నాలుగైదు సార్లు నీళ్లు కొట్టి, బోర్లించి, ఆటోలో వేసుకుని హైదరాబాద్‌లో ముషీరాబాద్ వైపు ఒక చిన్న షాపుకు తీసుకెళ్లాను. అప్పటికి ముక్కు పెట్టి చూస్తే వాసన లేదు. కుర్రాడు "ఖాలీ హై నా సాబ్?" అంటూ వెల్డింగ్ రాడ్ హోల్డర్ చేతిలోకి తీసుకున్నాడు. లోపల చాయ్ తాగుతున్న పెద్దాయన "రుక్", ఆగు, అన్నాడు. ఆయన ఆ కుర్రాడి ఉస్తాద్ అట. ట్యాంకు మూతి దగ్గర, పెట్రోల్ ఎంతుందో చూపే గేజ్ రంధ్రం దగ్గర గుడ్డలు కుక్కి, ఫుట్‌పాత్ మీద ఎండలో పెట్టించి, నాకూ ఒక చాయ్ చెప్పాడు. ఏప్రిల్ మధ్యాహ్నం. అరగంట తర్వాత గుడ్డ తీసి "ఇప్పుడు వాసన చూడండి" అన్నాడు. గుప్పుమంది. బంకులో నిలబడ్డట్టే ఉంది.

ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, ట్యాంకు రెండు రేకు ముక్కలను అంచుల దగ్గర కలిపి అతికించినది. ఆ అంచు సందుల్లో, లోపలి తుప్పు పొరల్లో, ఏళ్ల తరబడి పేరుకున్న జిగురులో పెట్రోల్ ఇంకిపోయి ఉంటుంది. పెట్రోల్ నీళ్లలో కలవదు, నీళ్ల కంటే తేలిక, పైన తేలుతుంది. నీళ్లు వంపేటప్పుడు ఆ పొరలో కొంత మళ్లీ గోడలకు అంటుకుంటుంది. చల్లగా ఉన్నంతసేపు కనపడదు. వేడి తగిలితే ఆవిరై బయటికొస్తుంది. ఎండకు అరగంట పట్టింది, వెల్డింగ్ వేడికి సెకన్లు చాలు.

"ఖాళీ ట్యాంకుకు భయమేముంది" అన్నమాట ఎందుకు తప్పో కూడా చెప్తాను. గాలిలో పెట్రోల్ ఆవిరి సుమారు 1.4 శాతం నుంచి 7.6 శాతం మధ్య ఉంటేనే అంటుకుంటుంది. అంతకంటే ఎక్కువైతే గాలి చాలదు, తక్కువైతే ఆవిరి చాలదు. నిండు ట్యాంకు లోపల ఆవిరి మోతాదు మించి ఉంటుంది. వంపేసిన ట్యాంకులోకి గాలి చేరి ఆ పాళ్లు సరిగ్గా కుదురుతాయి. నలభై లీటర్ల ట్యాంకుకు ఒక టీస్పూను పెట్రోల్ ఆవిరైతే చాలు. చలికాలం కదా అనుకోవడానికీ లేదు, సున్నాకు 40 డిగ్రీలు దిగువన కూడా పెట్రోల్ అంటుకునేంత ఆవిరినిస్తుంది. బహిరంగంగా అయితే భగ్గుమని ఆరిపోయేది, మూసిన రేకు డబ్బాలో అయితే డబ్బానే చీల్చుకుని వస్తుంది. చదువుకునే రోజుల్లో ఒక షెడ్డులో పాత డ్రమ్ము కోస్తుంటే చూశాను. డ్రమ్ము అడుగు ఊడి వెళ్లి ఎదురు షట్టర్‌కు సొట్ట పెట్టింది. కోస్తున్నతను పక్కకు నిలబడి ఉన్నాడు కాబట్టి బతికాడు. అందులో ఉన్నది పెట్రోల్ కూడా కాదు, డీజిల్.

ఉస్తాద్ పని చేయనన్నాడు. "మా దగ్గర గ్యాస్ నింపే ఏర్పాటు లేదు, బాలానగర్ పోండి" అన్నాడు. డబ్బులొచ్చే పని వద్దన్న మనిషి మాట వినాలనిపించింది.

ఇంట్లో నేను చేసింది కడగడం వరకే. మీరూ అంతవరకు చేసుకోవచ్చు. ముందు బ్యాటరీ తీగ విప్పండి. పెట్రోల్ తీసేది ఆరుబయట, మట్టి మీద అయితే మంచిది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మాత్రం వద్దు. పెట్రోల్ ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు, పల్లంలో పేరుకుని నేల మీదే పాకుతుంది, అవతల మూలన మోటారు స్విచ్ వేసినా చాలు. మెకానిక్ షెడ్లలో గుంత మీద బండి పెట్టి పెట్రోల్ తీయడం కూడా అందుకే తప్పు. తీసింది ఇనుప క్యాన్‌లోకే పట్టండి. నోటితో పైపు లాగొద్దు, ఒక్క గుటక ఊపిరితిత్తుల్లోకి పోతే ఆసుపత్రే.

తర్వాత గేజ్ ఫ్లోట్, పైపులు అన్నీ విప్పి, వేడినీళ్లలో సర్ఫ్ కలిపి పోసి, గుప్పెడు నట్లు వేసి బాగా గిలకొట్టాను. ఆ నీళ్లు పారబోసి కాస్టిక్ సోడా నీళ్లు పోసి రాత్రంతా ఉంచాను, లోపలి జిగురు ఊడేది దానికే. కాస్టిక్‌తో జాగ్రత్త: నీళ్లలో సోడా వేయాలి గానీ సోడా మీద నీళ్లు పోయొద్దు, కళ్లద్దాలు, రబ్బరు గ్లవ్స్ లేకుండా ముట్టొద్దు. ట్యాంకు అల్యూమినియంది అయితే అసలు వాడొద్దు, రేకును తినేస్తుంది. పొద్దున వంపితే టీ డికాక్షన్ రంగు నీళ్లు వచ్చాయి. మళ్లీ వేడినీళ్లు, మళ్లీ సర్ఫ్. ఆ తర్వాత ఉస్తాద్ పరీక్షే పెట్టాను, మూతులు మూసి ఎండలో అరగంట. రెండోసారి కడిగాక గానీ వాసన పోలేదు. ముక్కుతో చూసే పరీక్ష ఫెయిలైతే షాపుకు తీసుకెళ్లొద్దని అర్థం. పాసైతే మాత్రం సేఫ్ అని కాదు.

బాలానగర్‌లో ఆర్గాన్ వెల్డింగ్ చేసే షాపు ఒకటి దొరికింది. ఆర్గాన్ అంటే తానూ మండని, మంటకూ తోడ్పడని గ్యాస్, ఉస్తాద్ నింపాలన్నది ఇలాంటిదే. మండే ఆవిరి ఎంతుందో చూపే గ్యాస్ మీటర్ లోపల పెట్టి చూశారు, సున్నా వచ్చాకే ముందుకెళ్లారు. ఈ మీటర్ గురించి ఒక మాట. వీటిలో ఎక్కువ రకాలు పనిచేయడానికి ఆక్సిజన్ కావాలి. ఆర్గాన్ నింపాక పెడితే ఆవిరి ఉన్నా తక్కువే చూపించొచ్చు. అందుకే గ్యాస్ నింపడానికి ముందే చూడాలి.

వాళ్లు చేసిన తీరు నాకు బాగా నచ్చింది. చిల్లు అడుగు భాగంలో, డ్రెయిన్ ప్లగ్గు పక్కన ఉంది. గేజ్ రంధ్రానికి రబ్బరు పెట్టి రేకు బిళ్ల బిగించారు, పెట్రోల్ పోసే మూతికి రబ్బరు టోపీ, క్లిప్పు వేశారు. ట్యాంకును తలకిందులు చేసి, ఇప్పుడు పైకొచ్చిన డ్రెయిన్ రంధ్రంలోంచి నీళ్లు నింపుకుంటూ వచ్చారు. చిల్లుకు రెండు వేళ్ల కిందవరకు ఆపేశారు. అంటే నలభై లీటర్ల గాలి ఉండాల్సిన చోట మిగిలింది రెండు వేళ్ల ఎత్తు సందు. ఆ సందులోకి డ్రెయిన్ రంధ్రం నుంచే సన్నటి గొట్టం దించి ఆర్గాన్ మెల్లగా వదిలారు. ఆర్గాన్ గాలి కంటే బరువు, అడుగు నుంచి పేరుకుంటూ గాలిని పైకి తోసేస్తుంది. జోరుగా వదిలితే సుడి తిరిగి గాలితో కలిసిపోతుంది. గొట్టం చుట్టూ రంధ్రంలో ఖాళీ ఉంచారు, గ్యాస్, ఆవిరి బయటికి పోవడానికి. వెల్డింగ్ జరుగుతున్నంతసేపు గ్యాస్ ఆపలేదు. ట్యాంకును మొత్తం బిగించేసి వేడి పెడితే నీటి ఆవిరి ఒత్తిడికే పగులుతుంది, పెట్రోల్ అక్కర్లేదు.

ఇంకో సంగతి. పాత ట్యాంకుల రేకుకు చాలావాటికి సీసం, తగరం కలిపిన పూత ఉంటుంది. అది కాలితే వచ్చే పొగ మంచిది కాదు, వెల్డింగ్ కూడా సరిగ్గా పట్టదు. చిల్లు చుట్టూ ఆ పూతను చేత్తో, తడి ఎమెరీ కాగితంతో గీకేశారు, గ్రైండర్ పెట్టలేదు. పైన చిన్న రేకు బిళ్ల వేసి చుట్టూ పట్టించారు. సూది మొనంత చిల్లు అయితే వెల్డింగే అక్కర్లేదు. రేడియేటర్ పనివాళ్లు టంకం పెట్టేస్తారు, వేడి చాలా తక్కువ. అయినా కడగడం మాత్రం అంతే శ్రద్ధగా జరగాలి.

మీకు తప్పకుండా ఎవరో ఒకరు చెప్పే చిట్కాలు కొన్ని ఉంటాయి. లారీ సైలెన్సర్ పొగను గొట్టంతో ట్యాంకులోకి వదలమంటారు. ఆ పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో మీకు తెలియదు, పైగా అందులో ఉండే కార్బన్ మోనాక్సైడ్ విషమే కాదు, తానే మండుతుంది. మంటలార్పే సీఓ2 సిలిండర్‌ను లోపలికి కొట్టమంటారు. జోరుగా వచ్చే ఆ గ్యాస్‌తో స్థిర విద్యుత్ పుట్టి నిప్పురవ్వ పడొచ్చు, దేన్ని ఆపాలనుకున్నామో అదే అవుతుంది. చిల్లు మీద సబ్బు రుద్దడం మాత్రం నిజంగా పనిచేస్తుంది. సబ్బు పెట్రోల్‌లో కరగదు, ఇంటిదాకా బండి తెచ్చుకోవడానికి పనికొస్తుంది. దాంతో నెల రోజులు తిప్పేవాళ్లను చూశాను, అది మాత్రం నాకు నచ్చదు.

ఇంతా చేసేముందు ఒక పని చేయండి. ట్యాంకు దించాక చిల్లు చుట్టూ స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా నొక్కి చూడండి. రేకు లోపలికి దిగితే తుప్పు లోపలి నుంచి తినేసిందని. అలాంటి రేకు మీద ఆర్క్ పెడితే కరిగి చిల్లు ఇంకా పెద్దదవుతుంది, ఒకటి మూస్తే పక్కన మూడు తేలతాయి. అప్పుడు వెల్డింగ్ ఆలోచన మానేసి జాంబాగ్, రాణిగంజ్ వైపు పాత ట్యాంకు వెతకండి, లేదా బాలానగర్‌లోనే రేకు పనివాళ్ల దగ్గర కొలతలు ఇచ్చి కొత్తది చేయించండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20 పెట్రోల్, అంటే 20 శాతం దాకా ఇథనాల్ కలిపినది. అందులోని ఇథనాల్ తేమను లాక్కుంటుంది, నెలల తరబడి కదలని పాత బండిలో ఆ నీళ్లు అడుగుకు దిగి అక్కడే తుప్పు పట్టిస్తాయి. మా ట్యాంకు పోయింది కూడా వాడకం లేకే అని నా అనుమానం.

పని అయ్యాక లీకేజీ చూడటానికి కంప్రెసర్ పెట్టనివ్వకండి. ట్యాంకు టైరు కాదు, ఉబ్బిపోతుంది. మేం సైకిల్ పంపుతో నాలుగు పంపులు కొట్టి అతుకు మీద సబ్బు నురగ రాశాం. ఒక మూల చిన్న బుడగ వచ్చింది, మళ్లీ నీళ్లు, మళ్లీ గ్యాస్, మళ్లీ వెల్డింగ్. "ఇంత చిన్నదానికి మళ్లీ నీళ్లెందుకు" అని నేనే అన్నాను. వెల్డరు నా ముఖం చూసి నవ్వి నీళ్ల పైపు అందుకున్నాడు. తర్వాత రెండు రోజులు ఎండలో ఆరబెట్టి, కొత్త ఫిల్టర్ వేసి బిగించాం. ఆరబెట్టే తొందరలో స్పిరిట్ పోసి హెయిర్ డ్రయ్యర్ పెట్టొద్దు, స్పిరిటూ పెట్రోల్ లాంటిదే.

మీ అంబాసిడర్ ట్యాంకు దించాక అడుగు ఫొటో ఒకటి పెట్టండి. చిల్లు అంచు అతుకు మీద ఉందా, మధ్య రేకులో ఉందా అన్నదాన్ని బట్టి టంకం సరిపోతుందో, బిళ్ల వేయాలో చెప్పొచ్చు.